తొమ్మిదో మెట్టు: స్టౌ కట్టెయ్యాలి

“ఊరికే ఇచ్చారంటే అందులో ఏదో ఉంటుందే హైమా. నువ్వు దాన్ని ముట్టుకోకు.”

ఈ మాట నేను అన్నప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. సర్క్యులరు రాలేదు, కంప్యూటర్లకు దండలు వేయలేదు. మా మున్సిపాలిటీ కమిషనర్ గారు ఏదో సదస్సుకు వెళ్ళొచ్చి, “ఇకమీదట మనం సాఫ్ట్‌వేరు కొనం, ప్రపంచం ఊరికే ఇచ్చేదే వాడతాం” అన్నారని మా అమ్మాయి అన్నం తింటూ చెప్పింది. అంతే. నాకు ఆ పూట ముద్ద దిగలేదు.

“మీ అమ్మకు మబ్బు కనిపిస్తే చాలు, జలుబు చేస్తుంది” అన్నాడు మా ఆయన. ఆర్టీసీలో కండక్టరుగా చేసి, ముప్ఫై ఏళ్ళు జనాన్ని ముందుకు జరగమంటూ బతికిన మనిషి. ఆయనకు వెనక ఏం జరుగుతుందో పట్టదు.

మా ఊరి పేరు చెప్పను. చెబితే హైమ ఉద్యోగానికి ఏమవుతుందోనని భయం. కాలువ పక్కన, పద్నాలుగు వార్డుల ఊరు అనుకోండి చాలు. మాది పదకొండో వార్డు. నా పేరు నాంచారమ్మ. ఏడో తరగతి దాకా చదివాను, అక్షరం గుండ్రంగా ఉంటుందని అప్పట్లో మేష్టారు మెచ్చుకున్నారు. మా హైమ మున్సిపల్ ఆఫీసులో నీటి విభాగంలో ఆపరేటరు. నాలుగేళ్ళుగా చేస్తోంది. మా రెండువైపుల కుటుంబాల్లోనూ ఆఫీసులో సొంత కుర్చీ ఉన్న మొదటి మనిషి అదే. ఆ కుర్చీకి చేతులు లేవు, ఒక చక్రం తిరగదు. అయినా అది కుర్చీయే.

మర్నాటికల్లా సర్క్యులరు వచ్చింది. హైమ ఫోనులో ఫొటో తీసుకొస్తే నేను కళ్ళజోడు పెట్టుకుని చదివాను.

“ఇందుమూలముగా సిబ్బంది యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, నీటి సరఫరా విభాగమునందు ఇకపై బహిరంగ మూలము అమలు చేయబడును. మూలమును ఎవరైనను చూడవచ్చును, పరిశీలించవచ్చును, పదుగురికి పంచవచ్చును.”

మా హైమది మూలా నక్షత్రం. ఆ సంగతి ఇరవై ఏడేళ్ళుగా మా ఇంట్లో ముగ్గురికి, జాతకం రాసినాయనకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన కూడా పోయారు. మేనత్త అడిగినా “అటూ ఇటూగా జ్యేష్ఠ” అని దాటేశాను. అలాంటిది, మున్సిపాలిటీ వాళ్ళు మూలాన్ని బహిరంగం చేసి పదుగురికి పంచుతారట!

“మన పిల్ల నక్షత్రంతో వాళ్ళకేం పనండీ?” అని నేను ఏడుస్తుంటే హైమ నవ్వలేక, కోప్పడలేక కూర్చుంది.

“అమ్మా, ఓపెన్ సోర్స్ అంటే అలా రాశారే. ప్రోగ్రాం లోపల ఏముందో అందరూ చూడొచ్చు అని. నా నక్షత్రం కాదు.”

“మరి ఇదేంటి?” అని మూడో పేరా చూపించాను. “తొంభై దినములలోగా ప్రావీణ్యము చూపని ఔట్‌సోర్సింగు సిబ్బంది సేవలు నిలిపివేయబడును. ప్రావీణ్యమనగా ఏమన్నది తదుపరి ఉత్తర్వులలో తెలుపబడును.”

“ఔట్‌సోర్సింగు వాళ్ళకే” అంది హైమ. “పర్మినెంటు వాళ్ళకు ప్రావీణ్యం పుట్టుకతోనే ఉంటుంది.”

“నువ్వు ఔట్ సోర్సు, అది ఓపెన్ సోర్సు. మీ ఇద్దరిలో ఎవరు ముందు బయటికి పోతారే?” అన్నాను.

ప్రారంభోత్సవానికి నేనూ వెళ్ళాను. కంప్యూటరు పక్కన కొబ్బరికాయ కొడతారని విన్నాను. నీళ్ళు చింది షాకు కొడితే ముందుగా పోయేది దగ్గరున్న ఆపరేటరే కదా. హైమ చెప్పులు రబ్బరువో కాదో చూసుకుని, వెనక వరసలో కూర్చున్నాను.

ఆ సాఫ్ట్‌వేరు అసలు పేరు ఎవరికీ నోరు తిరగకపోవడంతో ‘జలకిరణం’ అని మార్చారు. కమిషనర్ గారు మైకు అందుకున్నారు.

“సోదర సోదరీమణులారా! ఇది స్వేచ్ఛ. దీనికి రుసుము లేదు. యజమాని లేడు. పరిమితి లేదు.”

“పుస్తకం ఉందా సార్?” అంది హైమ.

“పుస్తకమూ లేదు!” అన్నారాయన అదే ఊపులో. జనం చప్పట్లు కొట్టారు.

తర్వాత నగరం నుంచి వచ్చిన ట్రైనింగు ఆయన తెర మీద అన్నీ చూపించాడు. మూల ఒక ప్రశ్న గుర్తు ఉంది. దాని మీద ఇంగ్లీషులో ‘సహాయం’ అని రాసి ఉందని పక్కావిడ చెప్పింది. హమ్మయ్య అనుకున్నాను. ఆయన దాన్ని నొక్కాడు. “ఇక్కడ త్వరలో రాస్తాను” అని వచ్చింది. కింద తేదీ ఉంది. ఎనిమిదేళ్ళ కిందటిది.

“ఎనిమిదేళ్ళ నుంచి త్వరలోనేనా?” అన్నాను పక్కావిడతో.

‘ఉదాహరణలు’ అని ఇంకో మీట ఉంది. నొక్కితే తెల్లగా ఒక పేజీ వచ్చింది. అందులో ఏమీ లేదు.

“ఖాళీగా ఉంది సార్” అంది హైమ.

“ఖాళీ కాదమ్మా, అవకాశం” అన్నాడు ట్రైనింగు ఆయన. “ఉదాహరణ ఇచ్చామనుకోండి, మీరు అదే చేస్తారు. ఇవ్వలేదనుకోండి, ఏదైనా చెయ్యచ్చు. మూలం మొత్తం బహిరంగంగానే ఉంది. చదువుకుంటే ఇట్టే తెలిసిపోతుంది.”

“ఎంతుంటుంది సార్?”

“ఎంత, నలభై వేల లైన్లు.”

ఆయన భోజనం చేసి రైలెక్కాడు. ట్రైనింగు పూర్తయినట్టు అందరిచేతా సంతకాలు తీసుకున్నారు.

అసలు భయం తెరను తెలుగులోకి మార్చాక మొదలైంది. మార్చడం యంత్రమే చేసుకుంది. నింపాల్సిన గడులు మూడు. మొదటిది ‘దొడ్డి సంఖ్య’. రెండోది ‘తలలు ఎన్ని’. మూడోది ‘కోత తేదీ’.

హైమ ఆ మూడూ కాగితం మీద రాసి తెచ్చి చూపిస్తే రెండుసార్లు చదివాను. “తలలు లెక్కపెట్టి, తేదీ పెట్టుకుని కోసేదేంటే? మీ ఆఫీసువాళ్ళు ఏం చేయబోతున్నారు?”

“వాటికి అర్థాలు ఖరారు చేశారమ్మా” అంది హైమ నీరసంగా. “దొడ్డి అంటే వార్డు. తలలు అంటే జనాభా. కోత అంటే నీళ్ళు ఆపే రోజు.”

“కాలువ నిండా నీళ్ళుంటే ఆపడం ఎందుకు?”

“నేనూ అదే అడిగాను. ఆ గడి ఖాళీగా వదిలితే ముందుకు వెళ్ళనివ్వదు. అంటే కోత తప్పనిసరి అన్నమాట అన్నారు కమిషనర్ గారు. ‘ప్రపంచమంతా నీటి పొదుపు పాటిస్తోంది, మనమే వెనకబడ్డాం’ అన్నారు.”

ఆ గడి గురించి ఇంకా గట్టిగా అడిగేసరికి కొత్త ఉత్తర్వు వచ్చింది. “సందేహములను మూలకర్తకు మాత్రమే నివేదించవలెను. మూలకర్త వివరించని అంశములపై స్థానికముగా ఎవరును సొంత బుద్ధిని వినియోగించరాదు.” ఆ మూలకర్త ఎక్కడో మంచు దేశంలో ఉంటాడట. ప్రశ్నలు అడగడానికి ఇంటర్నెట్టులో ఒక గోడలాంటిది ఉంది. హైమ దాని మీద ఇంగ్లీషులో రాసింది: ‘కోత తేదీ ఖాళీగా వదిలేయవచ్చా?’ దాని కింద ‘చూసినవారు: 0’ అని ఉంది.

తొంభై రోజుల్లో అది నాలుగో రోజు. ఆ రోజు నుంచి మా ఇంట్లో పొద్దున మొదటి మాట “కాఫీ తాగావా” కాదు, “జవాబొచ్చిందా” అయిపోయింది.

ఇక్కడ వాల్వుల సంగతి చెప్పాలి. మా ఊళ్ళో నీళ్ళు వదిలేది ఏసోబు. ఇంత పొడుగు ఇనప తాళంచెవి భుజాన వేసుకుని, వీధి వీధికీ వెళ్ళి వాల్వు తిప్పుతాడు. పద్దెనిమిదేళ్ళుగా ఏ వార్డుకు ఎప్పుడు వదలాలో అతని ఒంటికే తెలుసు. ఇప్పుడు అతను తిప్పాలంటే కంప్యూటరు నుంచి చీటీ రావాలి. చీటీ లేనిదే తిప్పితే ఉద్యోగం ఊడుతుందన్నారు. చీటీ ఎలా రప్పించాలో ఎవరికీ తెలియదు. పది రోజులు ఊరికి నీళ్ళు లేవు. ఏసోబు తాళంచెవి ఒళ్ళో పెట్టుకుని ఆఫీసు అరుగు మీద కూర్చునేవాడు.

“తిప్పెయ్ ఏసోబూ, ఎవరు చూడొచ్చారు?” అన్నాను ఒకరోజు.

“సొంత బుద్ధి వాడొద్దని నా చేత కూడా సంతకం పెట్టించారక్కా” అన్నాడు. “నాకు అదొకటుందని ఇన్నాళ్ళకు ఒప్పుకున్నారు. అదే సంతోషం.”

పద్నాలుగో రోజు ఆదివారం. హైమ ఆఫీసు లాప్‌టాప్ ఇంటికి తెచ్చుకుని, వంటింటి గడప దగ్గర పీట మీద పెట్టుకుని పొద్దుటి నుంచీ కుస్తీ పడుతోంది. నేను పొయ్యి మీద పాలు పెట్టి దాని పక్కనే కూర్చున్నాను. ఏదో కొట్టింది, ఏదో నొక్కింది. తెర తెల్లగా అయిపోయింది. “మళ్ళీ పోయింది” అని తల పట్టుకుంది. ఇంతలో పాలు పొంగుతున్న చప్పుడైతే అదే లేచి వెళ్ళి స్టౌ కట్టేసి వచ్చింది. వచ్చి చూసేసరికి తెర మీద పచ్చగా ‘చీటీ సిద్ధం’ అని ఉంది!

ఇద్దరం కావలించుకున్నాం. మరుక్షణం దాన్ని వదిలేశాను.

“ఏం చేస్తే వచ్చిందే?”

“తెలీదమ్మా.”

“రేపు మర్చిపోతే? ఉద్యోగం పోతే?” అని గబగబా పాత నోటుపుస్తకం తీశాను. అది నేను ఆవకాయ కొలతలు రాసుకునే పుస్తకం. వెనకనుంచి నాలుగు పేజీలు ఖాళీ ఉన్నాయి. ఏది చెయ్యబట్టి పనిచేసిందో తెలియదు కనక, ఆ పూట చేసినవన్నీ వరసగా రాశాను.

“1. కాళ్ళు కడుక్కుని కూర్చో. 2. దణ్ణం పెట్టుకో. 3. నీలం బొమ్మ మీద రెండుసార్లు నొక్కు. గట్టిగా కాదు, పగిలితే మన మెడకు చుట్టుకుంటుంది. 4. చక్రం తిరుగుతుంది. కంగారుపడకు. 5. దొడ్డి దగ్గర పదకొండు కొట్టు. 6. తలల దగ్గర నాలుగు వేల రెండు వందలు. 7. కోత తేదీ గురువారం. (ఆ రోజు నాకు ఒంటిపూట, నీళ్ళు రాకపోయినా సర్దుకుంటాను.) 8. తెర తెల్లగా అయిపోతుంది. ఏమీ ముట్టుకోకు. 9. లేచి వెళ్ళి స్టౌ కట్టెయ్యాలి, పాలు పొంగుతాయి. 10. వచ్చేసరికి చీటీ సిద్ధం. రాకపోతే నాన్నను పిలువు.”

మర్నాడు పదకొండో వార్డుకు నీళ్ళొచ్చాయి. ఏసోబు వాల్వు తిప్పుతూ వీధిలోనే ఏడ్చాడట.

హైమ ఆ పుస్తకం సంచిలో దాచుకునే తీసుకెళ్ళింది. కానీ పద్నాలుగు మంది ఆపరేటర్లున్న గదిలో ఒక్కరికే చీటీ వస్తే ఎన్నాళ్ళు దాగుతుంది? మూడోనాడు మేనేజరు పట్టాభి గారు ఆ నాలుగు పేజీలూ చూశారు.

“ఇది ఎవరు రాశారు?” అన్నారట.

ఆఫీసు విషయాలు బయటివాళ్ళకు చేరవేస్తే తక్షణం తొలగింపు అని హైమ కాంట్రాక్టులో ఉంది. పాపం అది “నోట్సు సార్” అని ఊరుకుంది.

“ఎవరూ రాయలేదన్నమాట. అయితే కమిటీ రాయాలి” అన్నారాయన.

ఏడుగురితో కమిటీ వేశారు. ఆరుసార్లు సమావేశమయ్యారు. చివరికి అట్ట మీద ఏడుగురి పేర్లు, హోదాలతో ‘జలకిరణ ప్రయోగ దీపిక’ అచ్చయింది. లోపల నేను రాసిందే, కాకపోతే ఒక్క మాటా నాకు అర్థం కాలేదు. “పాద ప్రక్షాళనానంతరము ఆసీనులు కావలెను” అని మొదలైంది. పదో అంశం ఇలా ఉంది: “సదరు చీటీ సిద్ధము కానియెడల ఆపరేటరు తన తండ్రిని సంప్రదించవలెను.” తండ్రులు లేని ముగ్గురు ఆపరేటర్లు మినహాయింపు కోరుతూ అర్జీ పెట్టుకున్నారు. మరణ ధ్రువపత్రం జతచేయమన్నారు.

స్టౌ సంగతి మాత్రం స్టౌగానే ఉంచారు. దానికి సంస్కృతంలో ఏమంటారో కమిటీలో ఏకాభిప్రాయం కుదరలేదట.

ఆ అంశం అవసరమా అని ఒకరిద్దరికి అనుమానం రాకపోలేదు. తెర తెల్లబడగానే స్టౌ జోలికి వెళ్ళకుండా మళ్ళీ మళ్ళీ మీటలు నొక్కి చూశారు. చీటీ రాలేదు. ఇంటికి పరుగెత్తి స్టౌ కట్టేసి వచ్చినవాళ్ళకు మాత్రం వచ్చింది. అంతటితో అనుమానాలు తీరిపోయాయి. ‘స్టౌ పర్మిషన్’ అని కొత్త రిజిస్టరు తెరిచారు. ఒకాయన పక్క ఊరి నుంచి వస్తాడు. రోజూ పదకొండింటికి బస్సెక్కి, ఇంటికెళ్ళి స్టౌ కట్టేసి, రెండున్నరకు తిరిగొచ్చేవాడు. ఇంకో అమ్మాయి, “మా ఇంట్లో కరెంటు పొయ్యి ఉంది, అది నిర్వచనంలోకి వస్తుందా” అని స్పష్టత కోరింది. ఆ ఫైలు ఇంకా పైనే ఉంది.

ఇలా లాభం లేదని ఆఫీసులోనే పద్నాలుగు స్టౌలు పెట్టించారు. ఇక్కడ పట్టాభి గారికి ఒక ధర్మసందేహం వచ్చిందట. “కట్టెయ్యాలంటే ముందు వెలిగి ఉండాలి. ఊరికే వెలిగించి ఉంచడం గ్యాసు దుర్వినియోగం. కాబట్టి దాని మీద ఏదో ఉండాలి. మూలప్రతిలో పాలు అని ఉంది.” అప్పటి నుంచి నీటి విభాగానికి రోజూ పాలు వస్తున్నాయి. నీళ్ళు రాకపోయినా, పాలు మాత్రం టైముకు వస్తున్నాయి.

ఆ గదిలో కాగితాల బీరువాల మధ్య పద్నాలుగు మంటలు. నేను రోజూ హైమను “చున్నీ వేలాడనివ్వకే, పిన్నులు పెట్టుకో” అని పంపేదాన్ని. అది వెళ్ళాక సైరను వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించి కూర్చునేదాన్ని. దీనికంతటికీ కారణం నా గుండ్రటి అక్షరం. ఆ మాట ఎవరితోనూ అనలేను.

అసలు దెబ్బ వేరే. పుస్తకంలో ఉన్న ఒకే ఒక్క ఉదాహరణ మా వార్డు. సొంత బుద్ధి వాడరాదు కనక పద్నాలుగు మంది ఆపరేటర్లూ దొడ్డి దగ్గర పదకొండే కొట్టారు. పద్నాలుగు చీటీలూ పదకొండో వార్డుకే వచ్చాయి. ఏసోబు మా వీధి వాల్వు రోజుకు పద్నాలుగుసార్లు తిప్పేవాడు, పద్నాలుగుసార్లు కట్టేవాడు. మా కాలనీలో బురద, దోమలు, గోడల్లో చెమ్మ. మిగతా పదమూడు వార్డుల్లో బిందెల వరసలు. గురువారం వస్తే ఊరంతటికీ కోత.

“అక్కా, మీ అమ్మాయితో చెప్పు” అన్నాడు ఏసోబు ఒకరోజు. అతని అరచేతులు బొబ్బలెక్కాయి. “మూడో వార్డు వాళ్ళు నన్ను పెళ్ళిళ్ళకు కూడా పిలవడం మానేశారు.”

హైమ చెప్పకేం? తన వంతు చీటీలో నాలుగు అని కొట్టి చూసింది. నాలుగో వార్డుకు నీళ్ళొచ్చాయి. సాయంత్రానికల్లా మెమో వచ్చింది: “దీపికయందు లేని సంఖ్యను వినియోగించి నీటిని విడుదల చేసినందులకు సంజాయిషీ ఇవ్వవలెను.” మూలకర్త అనుమతిస్తే తప్ప ఉదాహరణను మార్చకూడదట. ఇకనుంచి గోడ మీద పెట్టే ప్రతి ప్రశ్నకూ దీపిక ప్రతిని సీలుతో సహా జతచేయాలన్నారు. హైమ అలాగే జతచేసి మళ్ళీ అడిగింది.

చూసినవారు: 0.

ఎనభయ్యో రోజు దాటాక అది అడగడం మానేసింది. నేను అడగడం మానలేదు.

“జవాబొచ్చిందా?”

“లేదమ్మా.”

“మనిషి ఉన్నాడంటావా? మంచులో ఏమైనా అయిందేమో.”

“అమ్మా, దయచేసి ఊరుకో.”

తొంభయ్యో రోజున ప్రజాసమీక్ష పెట్టారు. పై నుంచి ఎవరో అడిగారట, ఒకే వార్డుకు పద్నాలుగుసార్లు నీళ్ళేమిటని. మూడో వార్డు మస్తానమ్మ పొద్దున్నే ఖాళీ బిందె చంకన పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. ముప్ఫై ఏళ్ళ స్నేహం మాది.

“పద వదినా. మీ ఇంట్లో గంగ పొర్లుతుంటే మా ఇంట్లో గిన్నెలు ఎండిపోతున్నాయి. మీ పిల్లనే అడుగుతాను అందరిముందూ.”

“దాని తప్పేం లేదు మస్తానమ్మా.”

“అయితే ఎవరిది, నీదా?” అంది మస్తానమ్మ.

హైమ టిఫిను డబ్బా మర్చిపోయిందని ఒక సాకు పట్టుకుని ఆమె వెంట వెళ్ళాను.

హాలు నిండిపోయింది. వేదిక మీద కమిషనర్ గారు, ఒక పక్క కమిటీ వారు ఏడుగురూ వరసగా. హైమ మూల చిన్న బల్ల దగ్గర లాప్‌టాప్‌తో నిలబడి ఉంది. నన్ను చూసి కళ్ళతోనే “నువ్వెందుకొచ్చావ్” అంది.

“ఈ దీపికలోని ఉదాహరణ ఎవరిది?” అన్నారు కమిషనర్ గారు.

మొన్నటిదాకా ఆ పుస్తకాన్ని ప్రతి పెళ్ళిలో కట్నంగా చదివించిన పట్టాభి గారు లేచారు. “అయ్యా, కమిటీ కేవలం భాషాపరమైన సంస్కరణ చేసింది. విషయపరమైన బాధ్యత నోట్సు తెచ్చిన ఔట్‌సోర్సింగు ఆపరేటరుది.”

“ఆ నోట్సు నువ్వు రాశావా అమ్మా?”

హైమ తల వంచుకుంది. అవునంటే ఊరి బురదంతా దాని మీద పడుతుంది. కాదంటే, మరెవరు రాశారంటారు. నా పేరు చెబితే ఆఫీసు గుట్టు బయటపెట్టినట్టు. ఎటు చూసినా గొయ్యే. నా చేతిలో టిఫిను డబ్బా టకటకా కొట్టుకుంటోంది. మస్తానమ్మ నా వంక చూసి, బిందె కింద పెట్టి, డబ్బా తను పట్టుకుంది.

“మాట్లాడవేం? రచయిత తేలకపోతే ప్రావీణ్యం రుజువు కానట్టే. నిబంధన ప్రకారం ఈ సాయంత్రంతో సేవలు నిలిపివేత” అని కమిషనర్ గారు కలం తీశారు.

సరిగ్గా అప్పుడు లాప్‌టాప్ టింగుమంది. హైమ చూసింది. దాని ముఖం మారిపోయింది.

“సార్... జవాబొచ్చింది.”

“ఎవరిది?”

“మూలకర్తది.”

హాల్లో కుర్చీలన్నీ కదిలాయి. కమిషనర్ గారు లేచి నిలబడ్డారు. ఆయన లేస్తే కమిటీ కూడా లేచింది. “చదువు, తెలుగులో చెప్పు” అన్నారు.

హైమ గొంతు సవరించుకుంది.

“‘ఆలస్యానికి మన్నించండి. ఇది నా గొర్రెలు ఈనే కాలం. ఎనిమిదేళ్ళ కిందట మా పద్నాలుగు గొర్రెల దొడ్లకు వంతులవారీగా నీళ్ళు పెట్టుకోవడానికి ఈ ప్రోగ్రాం రాసుకున్నాను. ఇంకెవరైనా వాడతారని అనుకోలేదు. కోత తేదీ అంటే ఉన్ని కత్తిరించే రోజు. గొర్రెలు లేనివాళ్ళు, తెరను కిందికి జరిపితే కనిపించే ‘ఉన్ని లేదు’ అన్న గడిలో టిక్కు పెట్టి వదిలేయవచ్చు. దొడ్డి సంఖ్య దగ్గర ఎవరి దొడ్డి సంఖ్య వాళ్ళే రాసుకోవాలి. మీ దొడ్డిలో నాలుగు వేల రెండు వందల తలలు ఉన్నాయని చూసి ఆశ్చర్యపోయాను. అంత పెద్ద మందను నేనెప్పుడూ చూడలేదు. అభినందనలు.’”

ఎవరూ నవ్వలేదు. కమిషనర్ గారు గంభీరంగా తల ఊపారు. “నోట్ చేసుకోండి. పద్నాలుగు వార్డులకూ ‘ఉన్ని లేదు’ అని తక్షణమే ధ్రువీకరించాలి. వార్డు సభ్యుల సంతకాలతో.”

“ఇంకా ఉంది సార్” అంది హైమ. “‘మీరు పంపిన పుస్తకాన్ని యంత్రంతో అనువదించుకుని చదివాను. ఎనిమిదేళ్ళుగా రాస్తాను రాస్తాను అని నేను రాయలేకపోయింది మీరు రాశారు. నిజం చెప్పాలంటే ఆ మీటలు ఏ వరసలో నొక్కాలో నేనే మర్చిపోయాను. మీరు అనుమతిస్తే, సహాయం అన్నచోట మీ పుస్తకమే పెడతాను, రాసినవారి పేరుతో. అయితే ఒక్కటే అర్థం కాలేదు. తెర తెల్లగా అయ్యాక ఒక నిమిషం ఏమీ నొక్కకుండా ఆగాలి. అది సరే. కానీ తొమ్మిదో మెట్టులో స్టౌ కట్టెయ్యాలి అని ఉంది. నా ప్రోగ్రాంలో స్టౌ ఎక్కడుందో రెండు రోజులు వెతికినా దొరకలేదు. రాసినవారు దయచేసి చెప్పగలరా?’”

కమిషనర్ గారు కలం మూత పెట్టి కమిటీ వైపు తిరిగారు. “చెప్పండి. మూలకర్త అడుగుతున్నారు. స్టౌ ఎక్కడుంది?”

పట్టాభి గారు పక్కాయన వంక చూశారు. పక్కాయన తన పక్కాయన వంక చూశారు. ఆ చూపు ఏడుగురి మీదుగా చివరిదాకా వెళ్ళి, అక్కడ గోడ ఉండడంతో ఆగిపోయింది.

“ఇది రాసినవారు ఎవరైనా ఈ హాల్లో ఉన్నారా? ఎవరూ చెప్పకపోతే, ఈ నోట్సు కల్పితమని రాసి ఫైలు మూసేస్తాను.”

ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. పక్కగదిలో పద్నాలుగు స్టౌల మీద పాలు సన్నగా చిటపటలాడుతున్నాయి. ఏసోబు గుమ్మంలో తాళంచెవి ఆనుకుని నిలబడి, నావంకే చూస్తున్నాడు. హైమ నావైపు చూసి వద్దు వద్దని తల అడ్డంగా ఊపింది. కంచు గ్లాసు కింద పడినా నేను ఉలిక్కిపడే మనిషిని. ఇంతమందిలో లేస్తే కళ్ళు తిరిగి పడిపోతానని, పడితే తల పగులుతుందని, పగిలితే దాని ఉద్యోగమూ పోయి, దానికి తల్లీ పోయి... అన్నీ వరసగా కనపడ్డాయి. కమిషనర్ గారు మళ్ళీ కలం మూత తీశారు.

మస్తానమ్మ భుజం పట్టుకుని లేచి నిలబడ్డాను.

“అది ప్రోగ్రాంలో లేదు బాబూ” అన్నాను. “మా వంటింట్లో ఉంది.”